ఒంటి గేదె గల ఇంటికి ఎండుగడ్డియా, పాతరగడ్డియా?

సంక్రాంతి దాటి చేలు ఖాళీ అయిన పిమ్మట గ్రామపంచాయతీ సభ్యుల యెదుటికి తప్పక వచ్చు ప్రశ్న పశువుల మేత. ఫాల్గుణమునాటికి గట్లమీది గరిక ఎండును. చైత్ర వైశాఖములలో ఆ ఎండినదియు మిగులదు. పది పశువులు, వాటికి తగిన పొలము గల రైతు తన వామిని తాను చూచుకొనగలడు. సెంటు భూమి లేక ఒక్క గేదె పాడితో సంసారము నెట్టుకొని వచ్చు కుటుంబమునకు మాత్రము ఈ మూడు నాలుగు నెలలు గడ్డుకాలము. మేత కొనలేక గేదెను సంతకు తోలుదురు. ఆ కాలమున అందరును అమ్మువారే గనుక ధర పలుకదు. తొలకరి కురిసి గడ్డి చిగిర్చిన పిమ్మట అటువంటి గేదెను కొనబోయిన ఆ సొమ్ము చాలదు. ఇట్లు పాడి పోయిన ఇండ్లు ప్రతి గ్రామమునను కలవు. సభ్యులు వాటిని పేరుపేరున ఎరుగుదురు.

ఇటీవల కొన్ని గ్రామములలో మేము పర్యటించినపుడు సభ్యులు మమ్ము ఒక ప్రశ్న అడిగిరి. పూర్వమువలె వరిగడ్డి, జొన్నచొప్ప నిలువచేసి ఇచ్చుట మేలా, లేక సైలేజి అని పిలువబడు పాతరగడ్డిని అలవాటు చేయుట మేలా? ఇంటింటికి ఒక గుంట త్రవ్వించవచ్చునా? పాతరగడ్డిని కొన్నిచోట్ల మాగుడుగడ్డి అనియు అందురు. దీని గుణమునుగూర్చి పశువైద్యులు చెప్పగా సభ్యులు విని యున్నారు. లారీలపై వచ్చు పాతరగడ్డి బేళ్లను చూచియు ఉన్నారు. కనుక ఈ ప్రశ్న సహజమైనదే. అయితే మంచి మేత ఏది అనునది ఒక ప్రశ్న. ఒకే ఒక గేదె ఉన్న ఇంటికి తగిన మేత ఏది అనునది మరియొక ప్రశ్న. ఈ రెండింటిని కలిపివేయుటచేత కొన్ని ఇండ్లకు నష్టము వచ్చినది.

మేతను నిలువచేయుటకు దారులు రెండు. ఒకటి, దానిలోని నీటిని తీసివేయుట. రెండవది, దానికి గాలి తగులకుండ చేయుట. మన ఇండ్లలోని ఆడువారికి ఈ రెండును కొత్తవి కావు. వడియములు ఎండబెట్టుట మొదటి దారి. ఆవకాయను జాడీలో అదిమి, పైన నూనె తేలునట్లు పోసి, వాసెన కట్టుట రెండవ దారికి దగ్గరిది. వడియములను డబ్బాలో పోసి రోజునకు నాలుగు తీసికొనినను మిగిలినవానికి హాని లేదు. జాడీ సంగతి అట్లు కాదు. ఒక పర్యాయము వాసెన విప్పి, గరిటె పెట్టుట మొదలైనచో బూజు పట్టకుండ కాపాడుకొనవలసిన బాధ్యత వచ్చును. ఎండుగడ్డికిని పాతరగడ్డికిని గల భేదము కూడ ఇంతే.

ముందుగా ఎండుగడ్డిని చూతము. మంచి ఎండుగడ్డిలో నూటికి 15 పాళ్లకు మించి నీరు ఉండరాదు. అంతకు ఎక్కువ చెమ్మతో వామి వేసినచో లోపల వేడి పుట్టి, ముక్కి, బూజు పట్టును. చెమ్మ మరీ ఎక్కువైన వామి తనంత తానే రగులుకొనుటయు కలదు. జొన్నను పూతదశలో కోసి, పలుచగా పరచి, ఆకు రాలకుండ తిరుగవేసి ఎండబెట్టినచో ఆ చొప్ప పచ్చదనము పోకుండ, కమ్మని వాసనతో ఉండును. పోషకములు ఎక్కువగా ఉండునది ఆకులోనే. ఎండ ముదిరిన తరువాత తిరుగవేసినచో ఆకు పొడి అయి చేలోనే రాలిపోవును. కాడలు మాత్రము ఇంటికి వచ్చును. అందుచేత ఉదయము మంచు తడి ఆరీ ఆరకముందే తిరుగవేయుట పాతకాపుల వాడుక. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందు చల్లు పిల్లిపెసరను, రాయలసీమలో వేరుశనగ కట్టెను ఈ విధముగా జాగ్రత్తగా ఎండించి దాచిన ఇండ్లలో గేదెకు తెలగపిండి ఖర్చు తగ్గును.

వరిగడ్డి మాట వేరు. అది గింజ పండిన తరువాత మిగిలిన కాడ. దానిలో మాంసకృత్తులు నూటికి 3 లేక 4 పాళ్లు మాత్రమే. పొట్ట నింపునుగాని పాలు నింపదు. అయినను డెల్టా గ్రామములలో అది పుష్కలముగా దొరకు ఎండుమేత. వామి వేయుటలో మనవారి నేర్పు తక్కువది కాదు. నేలచెమ్మ తగులకుండ ఎత్తు కట్టమీద వేయుట, నడుమ ఎత్తు చేసి వాననీరు జారునట్లు కప్పుట, పైన తాటాకు పరచుట మొదలగునవి తాతలనాటినుండి వచ్చిన పనులు. వరికోత యంత్రములు వచ్చిన తరువాత ఈ నేర్పు సన్నగిల్లుచున్నది. యంత్రము గడ్డిని చేనంతట వెదజల్లిపోవును. ప్రోగుచేయుటకు కూలి దండుగయని చాలమంది దానిని అక్కడనే తగులబెట్టుదురు. మాఘమాసములో గడ్డిని తగులబెట్టిన గ్రామమే వైశాఖములో గడ్డికై పొరుగు మండలమునకు బండి కట్టుట మేము చూచినాము.

ఇక పాతరగడ్డి. పాతర అను మాట మనకు ధాన్యపు పాతరలవలన తెలిసినదే. మొక్కజొన్న, జొన్న, సజ్జ, నేపియరు గడ్డి వంటి పచ్చిమేతను తగిన పాకములో కోసి, అంగుళము ముక్కలుగా నరికి, గాలి చొరకుండ త్రొక్కి, పైన పాలిథిన్ పట్టా కప్పి, బరువు పెట్టి మూయుదురు. లోపల మిగిలిన కొద్దిపాటి ప్రాణవాయువు త్వరలోనే ఖర్చగును. ఆ పిమ్మట పాలను పెరుగుగా తోడుకొనజేయు సూక్ష్మజీవుల జాతికే చెందినవి మేతలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. ఆ పులుపులో కుళ్లించెడి జీవులు బ్రదుకలేవు. సుమారు 45 రోజులకు మేత మాగి, లేత పసుపుపచ్చ రంగుతో, పుల్లని మంచి వాసనతో సిద్ధమగును. గాలి చొరనంతకాలము చెడదు. సూర్యరశ్మి చాలక గడ్డి ఎండని చలిదేశములలో ఈ పద్ధతి బాగుగా వ్యాపించినది. ఫిన్లండు దేశపు శాస్త్రజ్ఞుడు ఆర్తురి ఇల్మారి విర్తానెన్ పచ్చిమేతను ఆమ్లముల సాయముతో నిలువచేయు పద్ధతిని కనిపెట్టినందుకు ముఖ్యముగా 1945లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి పొందెను. గడ్డి దాచుట అంత చిన్న విషయము కాదని దీనినిబట్టి తెలియును.

ఎండ కరువులేని మన దేశమున దీని యక్కర ఏమని కొందరు అడుగవచ్చును. మనకు గడ్డి విరివిగా పెరుగు కాలము శ్రావణ భాద్రపదములు. అవి వానలు కురియు దినములు. పెరిగిన గడ్డి ఎండదు. ఎండలు వచ్చునాటికి గడ్డి ముదిరి కట్టె అగును. ఆ మిగులు పచ్చిమేతను వేసవికి దాచుటకు పాతర తప్ప మరియొక దారి లేదు. కోతల సమయమున తుఫాను పట్టి చొప్ప ఎండనపుడును ఇది అక్కరకు వచ్చును. కనుక పాతరగడ్డి మంచిది కాదని మేము చెప్పుట లేదు. చెప్పవలసిన సంగతి దాని మూత విప్పిన తరువాతి కథ.

మెట్ట ప్రాంతమున ఒక గ్రామములో ఒక ఇల్లాలిని చూచితిమి. ఆమెకు ఉన్నది ఒక్క గేదె. ఎవరో చెప్పగా విని, కూలి పెట్టి పెరటిలో గుంట త్రవ్వించినది. పొడవు 2 మీటర్లు, వెడల్పు ఒకటిన్నర మీటరు, లోతు ఒక మీటరు. అప్పుచేసి పచ్చి మొక్కజొన్న కొని నింపినది. గుంటలో 1,600 కిలోల పైగా మేత పట్టినది. రోజునకు 18 కిలోల చొప్పున 90 రోజులు వచ్చునని ఆమె వేసిన లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు. మేతయును చక్కగా మాగినది. మూత విప్పిన వారమువరకు గేదె ఆశగా తిన్నది, పాలును పెరిగినవి. రెండవ వారమున గుంటలో చేయి పెట్టిన వేడిగా తగిలినది. మూడవ వారమున తెల్లని బూజు కనబడినది. గేదె మూతి త్రిప్పుకొన్నది. సగమునకు పైగా ఎరువు దిబ్బ పాలయినది. మేము పరామర్శింపగా ఆమె యన్న మాట ఇది: “గడ్డి మంచిదే బాబూ, తినే నోరే ఒక్కటి.”

జరిగినదేమో చూడుడు. గట్టిగా త్రొక్కిన పాతరగడ్డి ఒక ఘనపు మీటరునకు సుమారు 550 కిలోలు తూగును. ఆమె గుంట పైభాగము మొత్తము తెరచి తీయుచుండెను. ఆ పైభాగము 3 చదరపు మీటర్లు. అందులో 18 కిలోలు తీసినచో దిగు మందము ఒక సెంటీమీటరు మాత్రమే. గుంటను ఒక కొసనుండి నిలువుగా కోసి తీసినను దినమునకు సుమారు 2 సెంటీమీటర్లే. గాలి మాత్రము ఒక సెంటీమీటరు లోతున నిలువదు. అంతకు చాల లోతునకు చొరును. గాలి తగిలినంతనే నిద్రించియున్న ఈస్టులు, బూజులు మేల్కొని పులుపును తినివేయును, వేడి పుట్టును, మేత చెడును. వేసవి వేడిలో ఇది మరింత వేగముగా జరుగును. మన వంటి వేడి ప్రదేశములలో తెరచిన ముఖమునుండి దినమునకు కనీసము 15 సెంటీమీటర్ల మందము తీయవలెనని నియమముగా పెట్టుకొనుట క్షేమము. ఆ లెక్కన ఒక గేదె తిను 18 కిలోలకు తగిన పాతర ముఖము మూరెడు పొడవు, మూరెడు వెడల్పు మాత్రమే ఉండవలెను. అది గుంట కాదు, సంచి!

ఒంటి పశువు గలవారికి పాతరగడ్డి విషయమున మేము చెప్పునది ఇదియే. గుంట వలదు, సంచి పట్టవచ్చును. మందమైన, రంధ్రములు లేని పాలిథిన్ సంచిలో 40 కిలోల మేత పట్టును. పైన మరియొక గోనె లేక ప్లాస్టిక్ సంచి తొడుగవలెను. కోసిన పచ్చిమేతను ఒక పూట వాడనిచ్చి, ముక్కలు నరికి, పిడికిట గట్టిగా పట్టి చూడవలెను. రసము కారినచో నీరెక్కువ, ఇంకను వాడవలెను. పిడికిలి విప్పగానే ముక్కలు విడివడి రాలినచో నీరు తక్కువ. చేయి చెమ్మగిల్లి, ముద్ద మెల్లగా విచ్చుకొనినచో పాకము కుదిరినది. కొంచెము కొంచెముగా వేయుచు, మూలలందు గూడ అదిమి, చివర గాలి పిండివేసి మూతి మెలివెట్టి కట్టవలెను. మొక్కజొన్నకు, జొన్నకు చక్కెర తమలోనే ఉన్నది. నేపియరు గడ్డి అయినచో 100 కిలోలకు ఒకటి రెండు కిలోల బెల్లపు మడ్డి నీటిలో కలిపి చల్లుట మంచిది. పిల్లిపెసర, అలసంద వంటి కాయజాతి మేతలు ఒంటరిగా సరిగా పులియవు. వాటిని ఎండబెట్టుటయే మేలు. సంచులకు శత్రువులు ఎలుకలు, కాకులు. సూదిమొన యంత రంధ్రము పడినను దానిచుట్టు చెడును. నీడపట్టున ఎత్తున పేర్చి, కనబడిన రంధ్రమును వెంటనే అంటుపట్టీతో మూయవలెను.

వేసవి 120 రోజులకు ఒక గేదెకు ఎంత కావలెను? పాలిచ్చు గేదెకు గడ్డిరూపమున దినమునకు ఎండుమేత లెక్కన సుమారు 8 కిలోల సారము అందవలెను. పాతరగడ్డి 10 కిలోలలో ఉండునది 3 కిలోల సారమే, తక్కినది నీరు. ఎండలు మండు 60 రోజులకు దినమునకు 10 కిలోల చొప్పున పాతరగడ్డి పెట్టదలచినచో 40 కిలోల సంచి 4 రోజులు వచ్చును. 15 సంచులు చాలును. ఆ దినములలో దానితోపాటు 6 కిలోల ఎండుగడ్డి, మిగిలిన 60 రోజులలో 9 కిలోల ఎండుగడ్డి వేసినను మొత్తము 900 కిలోల ఎండుగడ్డి కావలెను. కావున ఒంటి గేదె ఇంటికి ఆధారము ఎండుగడ్డియే. పాతరగడ్డి దానికి తోడు. తవుడు, తెలగపిండి, ఖనిజ లవణములు ఈ లెక్కకు వెలుపలివి. అవి రెండు మేతలకును కావలసినవే.

అమ్మకమునకు వచ్చు పాతరగడ్డి బేళ్ల విషయమున సభ్యులు రెండు లెక్కలు వేసికొనవలెను. మొదటిది తూకము. 450 కిలోల బేలు తెచ్చి ఒక గేదె ఇంటిలో విప్పినచో దినమునకు 18 కిలోల చొప్పున 25 రోజులు కూర్చుండును. సగము కాకముందే చెడును. అదే బేలును ఐదు ఇండ్లవారు కలిసి కొని విప్పినచో 5 రోజులలో చెల్లును. రెండవది ధర. ఎండుచొప్ప కిలోలో 850 గ్రాములకు తక్కువ కాని సారము ఉండగా, పాతరగడ్డి కిలోలో సుమారు 300 గ్రాములే ఉండును. కనుక పాతరగడ్డి కిలో ధర, మంచి ఎండుచొప్ప కిలో ధరలో మూడవ వంతునకు మించినచో, దానిలోని గింజబలమును, గేదె ఆశగా తినుటను మాత్రమే చూచి కొనవలెనుగాని చౌక యని కొనరాదు. నీటికి ధర పెట్టుచున్నామని మరువరాదు.

చెడిన పాతరగడ్డినిగూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. పేద ఇంటివారికి పారవేయుటకు మనసు రాదు. పైన బూజు తీసివేసి అడుగుది పెట్టుదురు. అది ప్రమాదము. బూజు కంటికి కనబడిన చోటికంటె లోతుగా వ్యాపించియుండును. కొన్ని బూజుల విషము పశువు కాలేయమును చెరచును. అందులో ఒకటియగు అఫ్లాటాక్సిను పాలలోనికి దిగును. ఆ పాలు త్రాగు పిల్లలకు చేటు. కాచినను అది పోదు. ముక్కిన ఎండుగడ్డి, బూజు పట్టిన వేరుశనగ కట్టె కూడ ఈ కోవలోనివే. సరిగా పులియని పాతరగడ్డిలో లిస్టీరియా యను సూక్ష్మజీవి పెరుగును. దానివలన చూడి పశువులు ఈసుకుపోవుట, మేకలు గొఱ్ఱెలు తల యొకప్రక్కకు వంచి గుండ్రముగా తిరిగి పడిపోవుట సంభవించును. నల్లబడినది, జిగట పట్టినది, ముక్కుపుటములు అదరునట్లు కుళ్లు వాసన కొట్టునది ఎరువు దిబ్బకే పోవలెను. మంచి పాతరగడ్డినైనను మొదటి వారము పది దినములు కొద్దికొద్దిగా పెంచుచు అలవాటు చేయవలెను. పాలు పితికిన తరువాత పెట్టవలెనుగాని ముందు కాదు. పాలకు ఆ వాసన అంటును.

గ్రామములో పెండ్లి ఊరేగింపులకో బండికో ఒక గుఱ్ఱమును ఉంచుకొన్నవారు ఉన్నచో వారికి ఈ హెచ్చరిక మరింత అవసరము. గేదెది నాలుగు అరల కడుపు. అది నెమరు వేయును, కొంత చెడును భరించును. గుఱ్ఱమునకు ఆ శక్తి లేదు. కడుపులో చెడినదానిని కక్కుటకు గూడ దానికి వీలులేదు. బ్రిటను మొదలగు దేశములలో గుఱ్ఱములవారు హేలేజి యను నడిమి రకపు మేతను వాడుదురు. గడ్డిని సగము వరకే ఎండించి, గాలి చొరని పొరలో చుట్టి ఉంచుదురు. ఎండుగడ్డి దుమ్ముకు దగ్గు వచ్చు గుఱ్ఱములకు అది మేలు చేయును. అయితే ఒకే గుఱ్ఱము గలవారు అక్కడను మన ఇల్లాలి చిక్కులోనే ఉన్నారు. విప్పిన బేలు కొద్ది దినములలో చెల్లవలెను. చచ్చిన ఎలుక యొకటి ఆ బేలులో చుట్టబడినచో బొటులిజము అను విషరోగము పుట్టి గుఱ్ఱమును చంపగలదు. మన ఎండలో ఒంటి గుఱ్ఱమునకు దుమ్ము దులిపి నీరు చల్లిన మంచి ఎండుగడ్డిని మించిన క్షేమము లేదు. గేదెలకై మాగవేసిన పాతరగడ్డిని దానికి పెట్టరాదు.

వరిగడ్డి తప్ప మరేమియు లేని ఇంటికి ఇంకొక ఉపాయము కలదు. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 40 నుండి 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరగించి, పొరలు పొరలుగా చల్లి, త్రొక్కి, పట్టాతో గాలి పోకుండ 21 రోజులు మూసి ఉంచవలెను. గడ్డి మెత్తబడి సులభముగా అరుగును. మాంసకృత్తుల పాలు కూడ పెరుగును. పెట్టుటకు ముందు కొంతసేపు ఆరవేసి ఘాటు పోనీయవలెను. ఆరు నెలల లోపు దూడలకును గుఱ్ఱములకును ఇది పనికిరాదు. కరగని యూరియాను, యూరియా నీటిని పశువు నాకినచో ప్రాణాపాయము. కొలతలో ఉజ్జాయింపు కూడదు గనుక మొదటిసారి పశువైద్యశాల సిబ్బంది ఎదుట చేయించుట మంచిది.

జొన్న విషయమున సభ్యులకు తెలిసిన సంగతియే యైనను గుర్తుచేయుచున్నాము. కోసిన మోళ్లనుండి చిగిర్చిన నాము, వానలేక గిడసబారిన లేత జొన్న పశువులకు విషము. మేత కరువులో ఆకలిగొన్న పశువు దానిమీదనే పడును. పూత పట్టిన పిమ్మట కోసిన జొన్నకు ఈ భయము చాలవరకు తగ్గును. పాతరలో మాగుటచేత విషము ఇంకను తగ్గును. గిడసబారిన జొన్న చేనిలోనికి పశువులు పోకుండ దండోరా వేయించుట పంచాయతీ చేయదగిన పని.

రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణతో చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. వాటిలో పశుసంవర్ధనము, పాడి ఒక అంశము. ఇంధనము, పశుగ్రాసము వేరొక అంశము. కనుక మేత సంగతి కేవలము పశువైద్యునిదో పాల సంఘమునిదో అని తోసివేయుటకు వీలులేదు.

ఒంటి గేదె ఇండ్లు ఎనిమిది కలిసినచో పాతర గుంట కూడ ఉపయోగపడును. ముఖము ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు లోతు. పొడవు 9 మీటర్లు. దినమునకు 15 సెంటీమీటర్ల చొప్పున ఒక కొసనుండి కోసినచో సుమారు 80 కిలోలు వచ్చును. ఇంటికి 10 కిలోల చొప్పున ఎనిమిది ఇండ్లకు సరిపోవును. 60 రోజులకు గుంట ముగియును. దీనిని నింపుటకు నీటివసతి గల అర ఎకరములో చక్కగా పండిన మొక్కజొన్న చాలును. డెల్టా పల్లపు భూములలో గుంటలోనికి నీరు ఊరును గనుక నేలపైన ఇటుక గోడలు కట్టి అందులో వేయవలెను. లోతైన మూతగుంటలు తెరచిన వెంటనే అందులోనికి మనిషి దిగరాదు. లోపల ఊపిరికి గాలి ఉండదు. ధాన్యపు పాతరలో దీపము దింపి చూచిన పెద్దలకు ఇది తెలియును.

ఇట్టి ఉమ్మడి పాతర చెడుటకు కారణము సాధారణముగా మేత కాదు, మనుష్యులే. ఒకరు తెల్లవారుజామున, ఒకరు మధ్యాహ్నము, మరియొకరు రాత్రి వచ్చి ఎవరికి వారు పట్టా ఎత్తి తీసికొనిపోయినచో పది దినములలో మన ఇల్లాలి గుంట గతియే పట్టును. దినమునకు ఒకే వేళ, ఒకే మనిషి, కాటాపై తూచి ఇచ్చి, వెంటనే పట్టా దించి బరువు పెట్టవలెను. ఆ మనిషి ఎవరో, అతనికి లేక ఆమెకు ఇచ్చునది ఎంతో ముందే తీర్మానించి మినిట్సు పుస్తకమున వ్రాసికొనవలెను. ఎవరైన ఒక దినము రానిచో వారి వాటా మరునాటికి నిలువ ఉండదు, తక్కినవారు పంచుకొందురు. ఈ ఒక్క నియమము ముందుగా ఒప్పుకొననిచో తగవు తప్పదు. ఎనిమిది ఇండ్లు ఒక మాటమీద నిలువని వాడలో ఉమ్మడి పాతర పెట్టింపక, సంచులతోనే సరిపెట్టుట మంచిదని మా అభిప్రాయము.

చాఫ్ కట్టరని పిలువబడు చొప్ప నరుకు యంత్రము ఒకటి ఊరి ఉమ్మడిలో ఉన్నచో సంచులు నింపుటకును, ఎండుచొప్ప వృథా కాకుండుటకును అక్కరకు వచ్చును. నరకని జొన్నచొప్పలో ఆకు తిని కాడలను పశువులు గాడిలో వదలివేయును. ఆ యంత్రమునకు చక్రముపై కప్పు, మేత పెట్టు తొట్టికి తగిన పొడవు ఉన్నవో లేవో చూచి కొనవలెను. చీరకొంగు, జడ, వ్రేళ్లు చిక్కుకొని స్త్రీలు అంగవిహీనలైన సందర్భములు కలవు. పిల్లలను దాని దరికి రానీయరాదు.

కార్తీక మార్గశిరములలో వరికోతలు మొదలగుటకు ముందే ఒక సమావేశములో ఈ విషయమును చర్చకు పెట్టుడు. ఊరిలో ఒంటి పశువు గల ఇండ్లెన్ని, వాటిలో భూమి లేనివెన్ని, ఒక్కొక్క ఇంటికి 900 కిలోల చొప్పున ఎంత ఎండుగడ్డి కావలెనో జాబితా వ్రాయుడు. యంత్రముతో కోయించు రైతులలో గడ్డి అక్కరలేనివారు ఎవరో కనుగొని, తగులబెట్టక ముందే ఆ గడ్డిని ప్రోగుచేసికొనుటకు ఈ ఇండ్లవారికి అనుమతి ఇప్పింపుడు. వామి వేయుటకు చోటు లేనివారికి ఊరి పోరంబోకులో నీరు నిలువని మెరక చూపవలసియుండును. పొయ్యిలకు, దీపాలకు దూరముగా, వామికిని వామికిని నడుమ బండి పోవునంత ఎడముంచి వేయింపుడు. గత సంవత్సరము వేసవిలో గేదెలు అమ్ముకొన్న ఇండ్ల పేర్లు ఆ జాబితాలో మొదట ఉండవలెను.